దెబ్బకు కాగితం ఉండదు

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు బాబూ, మైకులో గాలే వస్తోంది. సరే.

నన్ను పోలీసులు, పౌరహక్కులు అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం, ఎన్‌కౌంటర్లు, లాకప్ మరణాలు, అక్రమ నిర్బంధాలు అన్నీ వస్తాయి అందులో. ఇవాళ నేను వాటి జోలికి పోను. రోడ్డు మీద, పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఎవరికీ ఏ హానీ చేయని మనిషి మీద పడే లాఠీ దెబ్బ గురించి మాత్రమే మాట్లాడతాను. ఇది చిన్న విషయమని చాలామంది అనుకుంటారు, చంపలేదు కదా, నాలుగు తగిలించి వదిలేశారు కదా అని. నాకు మాత్రం ఇదే ఎక్కువ భయం పుట్టిస్తుంది. లాకప్‌లో కొట్టేవాడు కనీసం తలుపు వేసుకుంటాడు. రోడ్డు మీద కొట్టేవాడికి ఆ అవసరం కూడా కనిపించడం లేదంటే, మనం చూసినా ఏమీ కాదని అతనికి తెలుసన్నమాట.

వనపర్తి వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. 2020 ఏప్రిల్ మొదట్లో, అంటే దేశమంతా లాక్‌డౌన్ పెట్టి వారం దాటిందంతే. ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని బయటికొచ్చాడు, పోలీసులు ఆపారు, మాటామాటా పెరిగింది, నడిరోడ్డు మీద కొట్టారు. పక్కన ఆ పిల్లవాడు ఏడుస్తూ నాన్నను వదిలేయమని బతిమాలుతున్నాడు. వీడియో రాష్ట్రమంతా తిరిగింది, అప్పటి మంత్రి కేటీఆర్ స్పందించారు, కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. మనందరం అయ్యో అనుకున్నాం, తర్వాత ఇంకో వీడియో వచ్చింది, దాన్ని చూశాం.

నేను వకీలును కాబట్టి నాకు వచ్చే మొదటి ప్రశ్న కొంచెం వేరుగా ఉంటుంది. ఆ తండ్రి నిజంగానే నిబంధన ఉల్లంఘించాడే అనుకుందాం. దానికి చట్టంలో శిక్ష ఎంత? అప్పటికి ఐపీసీ, అంటే పాత భారత శిక్షాస్మృతి అమల్లో ఉంది, అందులో 188వ సెక్షన్. అధికారి ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరిస్తే నెల రోజుల దాకా సాధారణ జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానివల్ల జనం ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు ఉంటే ఆరు నెలలు, వెయ్యి రూపాయలు. విపత్తు నిర్వహణ చట్టం కింద పెడితే ఏడాది దాకా పోవచ్చు. ఇవన్నీ కూడా కేసు రాసి, చార్జిషీటు వేసి, మేజిస్ట్రేట్ విని, అప్పుడు వేయాల్సిన శిక్షలు. ఆ మేజిస్ట్రేట్ కూడా, ఎంత కోపమొచ్చినా, ఆ మనిషికి ఒక్క బెత్తం దెబ్బ వేయమని ఆర్డర్ రాయలేడు. బ్రిటిష్ వాళ్ల కాలంలో రాయగలిగేవాడు, కొరడా దెబ్బలు అప్పట్లో చట్టబద్ధమైన శిక్షే, 1864లో దానికోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1955లో మన పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. అంటే ఈ దేశంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి కూడా లేని అధికారాన్ని కూడలిలో నిలబడ్డ కానిస్టేబుల్ రోజూ వాడుతున్నాడు.

మరి పోలీసుకు బలం వాడే హక్కే లేదా అంటే, ఉంది, లేదని నేను అనడం లేదు. అరెస్టు చేసేటప్పుడు ఎదురు తిరిగితే లొంగదీయడానికి అవసరమైనంత వాడొచ్చు, పారిపోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతకు మించి కట్టడి చేయకూడదని కూడా చట్టమే చెబుతుంది. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది చేరి శాంతికి భంగం కలిగించేలా ఉంటే చెదిరిపొమ్మని ముందు ఆదేశించాలి, ఆ ఆదేశం కూడా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో, స్టేషన్ ఇన్‌చార్జో, ఆయన లేకపోతే కనీసం ఎస్సై హోదా ఉన్నవాళ్లో ఇవ్వాలి, అయినా కదలకపోతే అప్పుడు బలప్రయోగం. అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్పీసీలో ఇది 129వ సెక్షన్, దాని బదులు 2024 జులై నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 148. చూశారా, ఇందులో ప్రతిదీ ఏదో ఒకదాన్ని ఆపడం కోసం, ముగించడం కోసం. గుంపు చెదిరిపోయాక పరిగెత్తేవాడి వీపు మీద కొట్టేది, బండి పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డవాడి పిక్కల మీద కొట్టేది, గుంజీలు తీయించేది, ఇవి దేన్ని ఆపుతున్నాయి? ఏదీ ఆపడం లేదు. అది శిక్ష. విచారణ లేదు, వాదన లేదు, అప్పీలు అసలే లేదు.

ఇప్పుడు నేను ఇవాళ చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను. రోడ్డు మీద కొట్టడం ఎందుకింత తేలిక? పోలీసులు రాక్షసులు కాబట్టి అని కొందరంటారు, నేను ఒప్పుకోను. కోర్టులో రోజూ చూస్తాను వాళ్లను, అందులో మంచివాళ్లు చాలామంది ఉన్నారు. పన్నెండు, పద్నాలుగు గంటల డ్యూటీ, బందోబస్తు అంటే తిండి ఎప్పుడో తెలియదు, వారానికో సెలవు అనే మాటే ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో గానీ రాలేదు, వచ్చాక కూడా ఎంతమందికి సరిగ్గా అందుతోందో ఏ కానిస్టేబుల్‌నైనా అడగండి. పైనుంచి ఫోన్ వస్తుంది, అరగంటలో రోడ్డు ఖాళీగా కనపడాలి అని. ఆ రోడ్డు మీద నలభై మంది ఉన్నారనుకోండి, ఒక్కొక్కరి మీద కేసు రాయడానికి ఎంతసేపు పడుతుంది? పేరు, తండ్రి పేరు, అడ్రసు, సెక్షన్, సాక్షుల సంతకాలు, నోటీసు, తర్వాత కోర్టుకు తిరగడం. అదే లాఠీ తీస్తే రెండు నిమిషాలు. దానికి ఏ ఫారమూ నింపక్కర్లేదు.

ఇదే నేను చెప్పేది. అరెస్టుకు కాగితం కావాలి. సోదాకు కాగితం కావాలి. చలానాకు కూడా కాగితం ఉంది, ఇప్పుడు ఫోటోతో సహా మన ఫోన్‌కే వస్తోంది. తూటా పేలిస్తే ఎన్ని రౌండ్లు ఇచ్చారు, ఎన్ని మిగిలాయి, ఖాళీ షెల్స్ ఎక్కడ అని లెక్క చెప్పాలి. లాఠీ దెబ్బకు ఏ లెక్కా లేదు. ప్రతి స్టేషన్‌లో జనరల్ డైరీ ఉంటుంది, 1861 నాటి పోలీసు చట్టం 44వ సెక్షన్ దాని గురించి చెబుతుంది, ఏ ఫిర్యాదులొచ్చాయి, ఎవరిని అరెస్టు చేశారు, వాళ్ల దగ్గర ఏం స్వాధీనం చేసుకున్నారు, ఏ సాక్షులను విచారించారు, ఇవన్నీ రాయాలని. ఎవరిని కొట్టాం, ఎందుకు కొట్టాం అనేది ఆ జాబితాలో లేదు, నూట అరవై ఏళ్ల నుంచీ లేదు. రాయని దెబ్బ జరగనట్టే లెక్క.

కాగితం ఎంత పని చేస్తుందో చెప్పడానికి విశాఖపట్నం డాక్టర్ సుధాకర్ గారి విషయం చూడండి. ఆయన నర్సీపట్నం ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే డాక్టర్. మాస్కులు సరిపడా ఇవ్వడం లేదని 2020 ఏప్రిల్‌లో మాట్లాడి సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖలో హైవే పక్కన చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి, రోడ్డు మీద పడేసి లాక్కెళ్లిన దృశ్యం దేశమంతా చూసింది. ఆయన తాగి గొడవ చేస్తున్నాడని పోలీసులు చెప్పారు. సరే, అదే నిజమనుకుందాం, నేను వాదించను. తాగి గొడవ చేస్తున్న ఒక్క మనిషి, చేతిలో ఏ ఆయుధమూ లేదు, చుట్టూ పోలీసులు. చేతులు కట్టేశాక ఆయన ఇంకెవరికి హాని చేయగలడు? ఆ తర్వాత కూడా చేసింది ఏ అవసరం కోసం?

హైకోర్టు ఆ విషయాన్ని చేపట్టింది, మేజిస్ట్రేట్ వెళ్లి ఆయన్ని చూసి వాంగ్మూలం నమోదు చేయాలని చెప్పింది. మేజిస్ట్రేట్ నివేదికలో ఒంటి మీద ఆరు గాయాలున్నాయి. ప్రభుత్వం తరఫున ఇచ్చిన నివేదికలో ఒకటే ఉంది. ఒకే మనిషి, ఒకే ఒళ్లు. ఆ తేడా చూశాకే కోర్టు మే 22న సీబీఐ విచారణకు ఆదేశించింది. మేజిస్ట్రేట్ రాసిన ఆ కాగితం లేకపోతే ఆయన ఒంటి మీద ఒక్క గాయమే చరిత్రలో మిగిలేది. సరిగ్గా ఏడాదికి, 2021 మేలో ఆయన గుండెపోటుతో పోయారు.

ఇంకో మాట, వనపర్తిలోనూ సస్పెండైంది కానిస్టేబులే, విశాఖలోనూ కానిస్టేబులే. వీడియోలో చెయ్యి ఎవరిది కనపడితే వాడు. రోడ్డు ఖాళీ చేయించమని, భయం పెట్టమని చెప్పినవాడి గొంతు వీడియోలో ఉండదు కదా.

చీరాల సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. 2020 జులై, ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వెళ్తున్నారు, మాస్కు లేదని ఆపారు. అందులో ఒకరు, దళిత కుటుంబం అబ్బాయి, తలకు దెబ్బ తగిలి నాలుగు రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. కొట్టారని కుటుంబం అంది, జీపులోంచి దూకాడని పోలీసులు అన్నారు. ఎస్సైని సస్పెండ్ చేశారు, ప్రభుత్వం పది లక్షల పరిహారం ప్రకటించింది. ఎవరి మాట నిజమో తేల్చాల్సింది కోర్టు, నేను తేల్చను. కానీ జేబులో మాస్కు లేకపోవడం దగ్గర మొదలైన విషయం అది, చిన్న జరిమానాతో పోవాల్సింది.

అందరికీ ఇలాగే జరుగుతుందా? మీకే తెలుసు జరగదని. 2024 జూన్‌లో హైదరాబాద్‌లో పోలీసులు రాత్రిపూట మైకులో ప్రకటిస్తూ తిరిగిన వీడియో ఒకటి వచ్చింది, ఇక ఫ్రెండ్లీ పోలీసింగ్ ఉండదు, అనవసరంగా బయట కనపడితే లాఠీచార్జే అని. ఇదే ప్రకటన జూబ్లీహిల్స్‌లో చేయగలరా అని ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అడిగారు. ఆయన రాజకీయాలు మీకు నచ్చినా నచ్చకపోయినా ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. అద్దాలు దించిన కారుకు ఒక పద్ధతి, ఆటోకు ఒక పద్ధతి. 2021 మేలో తెలంగాణలో రెండో లాక్‌డౌన్ అప్పుడు భోజనం డెలివరీ చేసే కుర్రాళ్లను కొట్టి బళ్లు లాక్కున్నారు, అప్పటిదాకా వాళ్లకు అనుమతి ఉంది, ఉన్నట్టుండి ఆ రోజు లేకుండా పోయింది. మంత్రి జోక్యం చేసుకున్నాక మళ్లీ వదిలారు. ఆ ఆర్డర్ పెట్టిన ఇంటివాళ్లకు ఏమీ కాలేదు, భోజనం లేటయిందంతే.

(సభలోంచి ప్రశ్న: "సార్, మీరు మామూలు జనం సంగతి చెబుతున్నారు. మరి రౌడీలు, గంజాయి బ్యాచ్‌లు ఉంటారు కదా. వాళ్లకు నాలుగు పడకపోతే మాట వింటారా?")

మంచి ప్రశ్నే అడిగారన్నా, ఇది మీ ఒక్కరిదీ కాదు. తెనాలిలో 2025లో జరిగింది మీ మనసులో ఉండే అడుగుతున్నారనుకుంటా. ముగ్గురు కుర్రాళ్లను రోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ల మీద లాఠీలతో కొట్టిన వీడియో మే చివర్లో బయటికొచ్చింది. వాళ్లు కానిస్టేబుల్ మీద దాడి చేశారని, గంజాయి కేసులున్నాయని పోలీసులు చెప్పారు. ఆ వీడియో కింద కామెంట్లు చూశాను నేను, సగం మంది బాగా బుద్ధి చెప్పారు అని. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా అదే, చప్పట్ల బొమ్మలు. టీవీలు సరే, లాఠీ దెబ్బల వీడియోకు వెనకాల మ్యూజిక్ పెట్టి వేస్తాయి.

అన్నా, వాళ్లు నిజంగా కానిస్టేబుల్ మీద చెయ్యి చేసుకుని ఉంటే అది పెద్ద నేరం, జైలుకు పంపే సెక్షన్లు కావలసినన్ని ఉన్నాయి. పంపించండి. కానీ కాళ్లు కదలకుండా చేసి కొడుతుంటే, ఆ క్షణంలో కింద కూర్చున్నవాడు ఎవరికి ప్రమాదం? అతను గతంలో ఏం చేశాడన్నది వేరు, ఇప్పుడు నీ చేతిలో ఉన్నాడు. పైగా రౌడీ అని తేల్చింది ఎవరు? కొట్టినవాళ్లే. చీరాలలో మాస్కు లేని అబ్బాయిని, వనపర్తిలో తండ్రిని ఆపింది కూడా వాళ్లే కదా. రోడ్డు మీద నిర్ణయించే అధికారం ఇచ్చాక, ఎవరిని అనేది మన చేతిలో ఉండదు.

గుజరాత్‌లో ఇలాంటిదే జరిగింది, అది మీకు తెలియాలి. 2022 అక్టోబరులో ఖేడా జిల్లా ఉంధేలా గ్రామంలో గర్బా మీద రాళ్లు వేశారన్న ఆరోపణతో కొందరు ముస్లిం యువకులను పోలీసులు ఊరి నడిమధ్య స్తంభానికి ఆనించి పట్టుకుని లాఠీలతో కొట్టారు. చుట్టూ జనం కేకలు వేశారు, వీడియోలు తీశారు. దెబ్బలు తిన్నవాళ్లు హైకోర్టుకు వెళ్లారు. అరెస్టు చేసేటప్పుడు ఎలా ప్రవర్తించాలో 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని ధిక్కరించారని, కోర్టు ధిక్కారం కింద. పోలీసులు డబ్బు ఇస్తాం రాజీ పడదామన్నారు, వాళ్లు ఒప్పుకోలేదు. 2023 అక్టోబరులో హైకోర్టు నలుగురు పోలీసులకు పద్నాలుగు రోజుల జైలు వేసింది. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు, అక్కడ స్టే వచ్చింది, కానీ అప్పుడు జడ్జీలు కూడా అడిగారు, స్తంభానికి కట్టి కొట్టే అధికారం మీకు ఏ చట్టం ఇచ్చిందని. వేడుక కోసం తీసిన వీడియోలే అక్కడ సాక్ష్యం అయ్యాయి, ఇది గుర్తుపెట్టుకోండి.

విదేశాల్లో బాగుంటుందని అనుకుంటాం కదా, అదీ చెబుతాను, ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి పిల్లలు డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉంటారు. (నవ్వులు) 2015 ఫిబ్రవరిలో అమెరికాలో అలబామా రాష్ట్రం, మాడిసన్ అనే ఊళ్లో యాభై ఏడేళ్ల గుజరాతీ ఆయన, మనవణ్ని చూసుకోవడానికి వెళ్లినాయన, ఉదయం కొడుకు ఇంటి ముందు వాకింగ్ చేస్తున్నాడు. నల్ల మనిషెవరో అనుమానంగా తిరుగుతున్నాడని ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. పోలీసులొచ్చారు. ఈయనకు ఇంగ్లిష్ రాదు, అదే ముక్కలు ముక్కలుగా చెప్పాడు, ఇండియా అని, ఇంటి వైపు చూపించాడు. ఒక ఆఫీసరు చేతులు వెనక్కి పట్టుకుని ఎత్తి నేలకేసి కొట్టాడు. మెడ ఎముకకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, ఒంట్లో కొంత భాగం చచ్చుబడింది.

కారులో కెమెరా ఉంది కాబట్టి మొత్తం రికార్డయింది. గవర్నర్ మన కాన్సులేట్‌కు క్షమాపణ రాశాడు. ఆఫీసరు మీద కేసు నడిచింది, రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, 2016 జనవరిలో జడ్జి నిర్దోషి అని వదిలేశాడు, అతను తిరిగి ఉద్యోగంలో చేరాడు. సివిల్ కేసులో 2021లో పదిహేడున్నర లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది. అంటే కెమెరా ఉంటే న్యాయం జరిగిపోతుందని నేను చెప్పను, చెబితే అబద్ధం అవుతుంది. కానీ కనీసం ఏం జరిగిందనే దాని మీద అక్కడ గొడవ లేదు. మన దగ్గర అసలు కొట్టారా లేదా అనే దగ్గరే కేసు చచ్చిపోతుంది. రిమాండ్‌కు తెచ్చినప్పుడు మేజిస్ట్రేట్ అడుగుతారు, పోలీసులు కొట్టారా అని. తలుపు దగ్గర ఎస్కార్ట్ కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు, రాత్రికి మళ్లీ అదే మనిషితో జీపులో వెళ్లాలి. లేదు సార్ అంటాడు నిందితుడు. ఏం రాస్తారు? కొట్టలేదని చెప్పాడు అని రాస్తారు.

(ఒక విద్యార్థిని ప్రశ్న: "మేం వీడియో తీస్తే ఫోన్ లాక్కుంటున్నారు సార్. తీయడం తప్పా?")

తప్పు కాదమ్మా. రోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును వీడియో తీయకూడదని చెప్పే చట్టం లేదు, పనికి అడ్డం పడకుండా కాస్త దూరంగా నిలబడి తీయాలి. పోలీస్ స్టేషన్ లోపల తీసినా అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టడం కుదరదని 2022లో బొంబాయి హైకోర్టు చెప్పింది. ఇంకా విచిత్రం ఏంటంటే, కొత్త బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం సోదా, స్వాధీనం చేసేటప్పుడు పోలీసులే మొబైల్‌లో రికార్డు చేయాలి. నీ ఫోన్ లాక్కునేవాడు ఆ లాక్కోవడాన్ని కూడా వీడియో తీసి కోర్టుకు పంపాలన్నమాట. (నవ్వులు) నవ్వకండి, నేను నిజంగానే ఆ పాయింట్ కోర్టులో లేవనెత్తుతాను. అయితే అమ్మా, చట్టం నీ వైపు ఉందని అక్కడికక్కడే వాదనకు దిగొద్దు. ముందు వీడియో ఇంకొకరికి పంపించేయ్, తర్వాత మాట్లాడు.

దెబ్బ తగిలితే ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, క్యాజువాలిటీలో డాక్టర్‌తో పోలీసులు కొట్టారు అనే చెప్పండి. టెన్షన్‌లో చాలామంది బండి మీంచి పడ్డాననో, మెట్ల మీద జారాననో అంటారు, ఆ ఒక్క మాట ఎంఎల్‌సీలో, అంటే ఇలాంటి గాయాలకు డాక్టర్ రాసే మెడికో లీగల్ కాగితంలో ఎక్కిందంటే తర్వాత నేను గానీ, ఇంకే పెద్ద లాయరు గానీ ఏమీ చేయలేం. ఫోటోలు తీసుకోండి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోరు, తెలిసిందే, ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ రసీదు దాచుకోండి, దానితో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు రాయాలంటే ఘటన జరిగిన ఏడాది లోపే రాయాలి, దాటితే చట్టం ప్రకారమే వాళ్లు తీసుకోలేరు. జనం ఏడాదిన్నర తర్వాత వస్తారు మా దగ్గరికి, రాజీకి తిరిగి తిరిగి విసిగిపోయాక.

పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి వేరే అథారిటీ పెట్టాలని 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, రాష్ట్రానికి ఒకటి, ప్రతి జిల్లాకు ఒకటి, జిల్లాలో రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడు. మీ జిల్లాలో ఆ ఆఫీసు ఏ వీధిలో ఉందో తెలిసినవాళ్లు చేతులెత్తండి. ... అదీ సంగతి.

చివరగా ఒక పని చెబుతాను, ఖర్చు పది రూపాయలు. ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. జిల్లా ఎస్పీ ఆఫీసుకు, గడిచిన ఏడాదిలో మీ స్టేషన్ పరిధిలో ఎన్నిసార్లు లాఠీ వాడారు, ఒక్కోసారి ఎవరి ఆదేశం మీద, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, అది ఏ రిజిస్టర్‌లో నమోదైంది, ఈ నాలుగు ప్రశ్నలు. నమూనా రాసి జిరాక్సులు తీయించి గుమ్మం దగ్గర టేబుల్ మీద పెట్టాం, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలావరకు అలాంటి సమాచారం నిర్వహించడం లేదు అనే వస్తుంది. అది వచ్చిందని పారేయకండి, నాకు తెచ్చివ్వండి. దాని మీద స్టాంపు, సంతకం ఉంటాయి కదా, హైకోర్టులో పిల్, అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసేటప్పుడు మొదట జత చేసే కాగితాలు అవే.